రాసుకోనీ

“మీ బావ లేడప్పా” అంది ఫోన్లో మా అక్కా వాళ్ల పక్కింటామె.

నేను పుంగనూరు పోస్టాఫీసులో ఉన్నాను. పొద్దున బస్సుకు వచ్చిన టపా సంచులు అప్పుడే విప్పారు. ఒక పక్క ముద్రలు కొట్టే చప్పుడు, ఇంకో పక్క కౌంటర్ దగ్గర మనియార్డరు రాలేదని ఎవరిదో తగువు. ఆ గోలలోనూ ఆమె మాట నాకు స్పష్టంగానే వినపడింది. అర్థం చేసుకోవడమే వేరుగా చేసుకున్నాను. “యాడికి పోయినాడు? వస్తే నాకొకసారి ఫోన్ చేయమని చెప్పమ్మా” అన్నాను. “అంగట్లో ఉండాడేమో, ఆడికే చేస్తాలే” అని కూడా అన్నాను. అప్పుడామె ఏడ్చింది. ఏడుస్తూ మళ్లీ అదే మాట అంది. “లేడప్పా.” రెండోసారికి గాని నా బుర్రకెక్కలేదు.

ముందురోజు సాయంత్రమే మా ఇంటికి ఫోన్ చేసి నన్ను కడుపుబ్బ నవ్వించిన మనిషి. ఆదివారం పుంగనూరికి వస్తానన్నాడు. “మునిరత్నాన్ని గూడా రమ్మను. ఈసారి సంగటితో కొడతా వాడి ఎంపీత్రీని. ఇంక లేసే పని లేదు” అన్నాడు. మునిరత్నం మా ఇద్దరికీ స్నేహితుడు, వాళ్ల ఎంపీత్రీ పోరు సంగతి తర్వాత చెబుతాను. జబ్బు లేదు, దగ్గు లేదు, చెయ్యి లాగుతోందని ఒక్క మాట అనలేదు. యాభై దాటినా ఎరువుల మూట తనే ఎత్తి బండిలో వేసేవాడు. అటువంటి మనిషి పొద్దున పెరట్లో కూలబడి, ఆస్పత్రికి చేరేలోపే అయిపోవడం ఏమిటి? నెల దాటింది. ఆ ప్రశ్న నన్నింకా వదల్లేదు. ఎవర్ని అడగాలో తెలియక మీ ముందు పెడుతున్నాను.

బావ అంటే మా పెద్దక్క మొగుడు. మదనపల్లెలో టమాటా మార్కెట్టుకు పోయే దారిలో ఆయనకు విత్తనాల అంగడి ఉంది. ఆ చుట్టుపక్కల రైతులు, నిమ్మనపల్లె నుంచి కూడా, ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. విత్తనాల పొట్లం చెవి దగ్గర పెట్టుకుని ఆడించి “బాగుండాది, ఎత్తకపో” అనేవాడు. నిజంగా ఏదైనా తెలిసే అలా చేసేవాడో, రైతు ముందు వేషమో నాకిప్పటికీ అనుమానమే. అడిగితే నవ్వేవాడు.

అంగడి ఆయన బతుకుదెరువు. పిచ్చి మాత్రం సద్దుల మీద. మా వైపు చప్పుడును సద్దంటాం. “సద్దు సేయాకు” అని పిల్లల్ని కసిరేటప్పుడు తప్ప ఆ మాటతో మాకెవరికీ పని లేదు. బావకు అదే పని. సద్దుల్ని పట్టి దాచుకునేవాడు. పాటలు కాదు. పాటలు ఎవరైనా పడతారు అనేవాడు. టమాటా మండీలో వేలం అరుపులు, కుప్పం స్టేషన్లో ఆగకుండా పోయే రైలు, రేకుల మీద మొదటి వాన, మా ఇంటి పక్క పుంగనూరు పొట్టి ఆవు నెమరు వేయడం. ఆవు నెమరు కోసం మదనపల్లె నుంచి బస్సెక్కి వచ్చిన మనిషిని నేను ఆయన్ని తప్ప చూడలేదు. ఆవు గలాయన మొదటిసారి భయపడ్డాడు. పశువుకేదో రోగముందని పరీక్ష చేయడానికి వచ్చాడనుకున్నాడు.

తొంభైల మొదట్లో మాకు క్యాసెట్లే. క్యాసెట్లో ఎప్పుడూ ఒక బుస ఉంటుంది. వాన పట్టుకొస్తే, వాన ఎక్కడ ఆగిందో బుస ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. బావ తెల్లారిలేస్తే ఆ బుసను తిట్టేవాడు. అలాంటి రోజుల్లో మా ఇంట్లో ఒక పెళ్లికి వీడియో తీయడానికి కుప్పం నుంచి మునిరత్నం వచ్చాడు. కుప్పంలో అతనికి స్టూడియో ఉంది. రైలెక్కి బెంగళూరు పోయి కొత్త సామాన్లన్నీ తెచ్చేవాడు. పెళ్లిలో అతను మైకును మేళగాళ్ల వైపు తిప్పి పెట్టడం చూసి బావ దగ్గరికి పోయాడు. “డోలు మీదికి యాల పెట్టినావు? నాదస్వరం మునిగిపోతాంది” అన్నాడు. “అన్నా, నువ్వెవురు?” అన్నాడు మునిరత్నం. తాళి కట్టే వేళకు ఇద్దరూ స్తంభం పక్కన నిలబడి వాదించుకుంటూనే ఉన్నారు. ఆ పెళ్లి వీడియోలో తాళి కట్టే ఘట్టానికి వెనకాల డోలు గురించి ఇద్దరు మగవాళ్ల గొడవ ఇప్పటికీ వినపడుతుంది. తర్వాత ఆ మైకు మాటే మమ్మల్ని ముగ్గుర్ని ఒకచోట చేర్చింది.

మదనపల్లెకూ కుప్పానికీ మధ్య పుంగనూరు కాబట్టి మా ఇంటి మిద్దె మీదే సభ. ఆదివారం మధ్యాహ్నం. మా ఇంటావిడ ఆ పూట కుక్కరు పెట్టకూడదు, ఫ్యాను తిరగకూడదు. ఉక్కపోతలో చెమటలు కక్కుతూ ముగ్గురం వరసగా హెడ్‌ఫోన్లు మార్చుకుంటూ కూర్చునేవాళ్లం. చూసినవాళ్లు మాకు మతి తప్పిందనుకునేవాళ్లు. అందులో పెద్ద తప్పు కూడా లేదు.

క్యాసెట్ల తర్వాత మునిరత్నం బెంగళూరులో ఒక డ్యాట్ రికార్డరు కొన్నాడు. అంటే టేపు మీదే, కానీ సద్దును అంకెలుగా రాసుకునే యంత్రం. బుస పోయింది. కానీ మా దుమ్ముకు అది టేపులు నమిలేది. నమిలిన టేపును పెన్సిలుతో చుట్టుకుంటూ అతను దాన్ని తమిళంలో తిట్టేవాడు. బావ ఇంకో దారి పట్టాడు. మినీడిస్కు రికార్డరు తెచ్చుకున్నాడు. అరచేతిలో ఇమిడే డబ్బీ. అందులో ఇంకా చిన్న బిళ్ల, దాని చుట్టూ ప్లాస్టిక్ తొడుగు. మొదటిసారి దాంట్లో రేకుల మీది వాన వినిపించినప్పుడు నేను లేచి కిటికీ మూయబోయాను. బావకు ఆ క్షణం ఎంత ఇష్టమంటే, ఆ తర్వాత ఎవరొచ్చినా “మా బామ్మర్ది కిటికీ మూసినాడు” అని చెప్పందే వదిలేవాడు కాదు.

రెండువేలు దాటాక మునిరత్నం కంప్యూటరు కొని ఎంపీత్రీ మనిషైపోయాడు. అప్పుడు మొదలైంది అసలు యుద్ధం.

“అన్నా, పెద్ద సద్దు పక్కన చిన్న సద్దు ఉంటే మనిషి చెవి దాన్ని పట్టదంట” అన్నాడతను ఒకనాడు. “చెవి పట్టనిదాన్ని మొయ్యడం యాల? ఎంపీత్రీ దాన్ని తీసేస్తాది. అందుకే ఒక్క సీడీలో అన్నేసి పాటలు పడతాండాయి.”

బావకు కోపం నషాళానికంటింది. “నా చెవికి ఏది పట్టదో నీ కంప్యూటరు ఎట్ల చెప్తాదప్పా? దానికి చెవులుండాయా?”

“మీ డిస్కు గూడా అదే పని చేస్తాది గదన్నా. ఐదు పాళ్లలో నాలుగు పాళ్లు పారేస్తాది. ఎంపీత్రీకి తమ్ముడే అది.”

అది నిజమే. మినీడిస్కు కూడా వినపడవనుకున్న వాటిని వదిలేసి మిగతాదే రాసుకుంటుంది. బావకు ఆ సంగతి తెలుసు. చేతిలోని డబ్బీని తువ్వాలుతో తుడిచాడు. తర్వాత అన్నాడు, “పారేస్తాది. కానీ సిగ్గుపడతా పారేస్తాది. మీది చేటలో చెరిగినట్ల చెరిగి, తాలుతో బాటు గింజలు గూడా ఎగరగొడతాండాది.” దానికి మునిరత్నం పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. బావ మాత్రం నవ్వలేదు.

ఒకసారి మునిరత్నం పరీక్ష పెట్టాడు. బావ పట్టిన ఆవు నెమరునే కంప్యూటర్లో వేసి ఎంపీత్రీగా మార్చి తెచ్చాడు. బావ కళ్లకు తువ్వాలు కట్టి, ముందొకటి, తర్వాతొకటి వినిపించాడు. “రెండోది నాది. చూడు, దవడ కదిలేది గూడా తెలుస్తాంది” అన్నాడు బావ గర్వంగా. రెండోది ఎంపీత్రీ. తువ్వాలు తీసి విషయం చెబితే బావ మా ఇద్దరి వంకా మార్చిమార్చి చూసి, “మీరు ఆవును మార్చినారు” అన్నాడు. ఎంత చెప్పినా నమ్మలేదు. మునిరత్నం కుప్పం నుంచి వేరే ఆవునేదో పట్టుకొచ్చి పెట్టాడని మా అక్కకు ఫిర్యాదు చేశాడు. ఓడిపోవడం చేతకాని మనిషి. అలాంటి మనిషి ఎంత సుళువుగా పోయాడో చూడండి.

రికార్డింగు విషయంలో బావకు రెండు నియమాలు ఉండేవి. వాటిని నేను చెప్పి తీరాలి, ఎందుకంటే తర్వాత జరిగినదంతా వాటి మీదే నడిచింది.

రికార్డరు మీద ఎర్ర దీపం వెలుగుతున్నంతసేపు ఆయన నోరు విప్పడు. దేవుడొచ్చి పిలిచినా పలకడు. పెదాల మీద వేలు పెట్టుకుని రాయిలాగా నిలబడిపోతాడు. అందుకే అన్నేళ్ల డిస్కుల్లో, అంత పెద్ద పెట్టెలో, ఆయన గొంతు ఒక్కచోట కూడా లేదు. వేలం వాళ్ల గొంతులున్నాయి, ఆవుగలాయన దగ్గు ఉంది, రైల్లో టీ అమ్మేవాడి కేక ఉంది. బావ లేడు. దీని మీద మా అక్కకు పెళ్లయిన కొత్తల నుంచీ కోపమే. “నేను పిలస్తానే ఉంటా, ఆయన గోడ మాదిరి నిలబడుకొని ఉంటాడు. రేయ్, ఇల్లు కాలిపోతాందన్నా గూడా మీ బావ ముందు ఆ సద్దును పట్టుకుంటాడు, ఆనక నన్ను” అనేది నాతో. పలకనందుకు మధ్యాహ్నం భోజనం పెట్టకుండా అలిగిన రోజులూ ఉన్నాయి. బావ అలక తీరేదాకా వంటింటి గడప దగ్గర కూర్చుని ఉండేవాడు. అలక తీర్చే మాటలు కూడా ఆయనకు రావు.

రెండో నియమం, రాసుకోనివ్వడం. మినీడిస్కు సంగతి తెలియని వాళ్లకు రెండు మాటల్లో చెబుతాను. మనం పట్టిన సద్దు అప్పటికప్పుడు బిళ్ల మీద పడిపోతుంది. కానీ ఎక్కడ ఏముందో చెప్పే సూచిక, పుస్తకం ముందు పేజీలో ఉంటుందే అలాంటిది, ఆపు బొత్తాం నొక్కిన తర్వాత గాని రాసుకోదు. ఆ రాసుకునేటప్పుడు తెర మీద అక్షరాలు మినుకుమినుకుమంటాయి. అది పూర్తి కాకముందే కరెంటు పోతే అంతే. సద్దు బిళ్ల మీద ఉన్నా, యంత్రానికి ఆ సంగతి తెలియదు. ఖాళీ డిస్కు అని చూపిస్తుంది. మొదట్లో ఒకసారి తొందరపడి కుప్పం రైలును అలాగే పోగొట్టుకున్నాడు బావ. అప్పటి నుంచి ఆపు నొక్కగానే మా ఇద్దరి చేతుల మీద కొట్టేవాడు. “రాసుకోనీ. రాసుకోనీప్పా.”

ఆ మాట క్రమంగా డిస్కుల నుంచి బయటికొచ్చేసింది. సినిమా అయిపోతే హాలు ఖాళీ అయ్యేదాకా లేచేవాడు కాదు, “రాసుకోనీ” అనేవాడు. మంచి ముద్ద తిన్న తర్వాత వెంటనే నీళ్లు తాగేవాడు కాదు. పంట పోయిన రైతు అంగట్లో కూలబడి కళ్లనీళ్లు పెట్టుకుంటే, ఓదార్పు చెప్పబోయిన పక్కవాళ్లను చేత్తో ఆపేవాడు. మా నాయన పోయినప్పుడు వచ్చినవాళ్లందరూ నాకు ధైర్యం చెప్పారు, పెద్దాయన పుణ్యాత్ముడన్నారు, కాలం అన్నిటినీ మాన్పుతుందన్నారు. బావ ఒక్కడే మా ఇంటి ముందు అరుగు మీద నా పక్కన కూర్చుని ఏమీ అనలేదు. సాయంత్రం నేనే ఏదో అడగబోతే, “ఇప్పుడే మూత తెరవద్దు బామ్మర్దీ. రాసుకోనీ” అన్నాడు. ఆ పూట నాకు ఆ మాటే తోడైంది.

ఇప్పుడు ఆయన పోతే నాకు ఆ మాట చెప్పేవాడు లేడు.

నేను మదనపల్లె చేరేసరికి ఇంటి ముందు జనం. వాకిట్లో బావను పడుకోబెట్టారు. మెడలో హెడ్‌ఫోన్ల వైరు అలాగే ఉండిపోయింది. ఎవరికీ తీయాలని తోచలేదు. నేనే తీశాను. తీస్తూ “బావా” అని పిలిచాను కూడా. పలకలేదు, అలవాటు ప్రకారం. నాకు నవ్వొచ్చింది. అక్కడున్న వాళ్లు నన్ను వింతగా చూశారు. ఆ నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. ఏడుపు మాత్రం రాలేదు. బెంగళూరులో ఉద్యోగం చేసే కూతురు మధ్యాహ్నానికి వచ్చింది, అన్నీ జరగాల్సిన తీరులో జరిగాయి, నేనన్నిటిలో చేయి పెట్టాను. ఏదీ నా లోపల పడలేదు.

జరిగింది అక్క ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఆ పొద్దున ఆమె సంగటి చేస్తోంది. ఆదివారం మునిరత్నాన్ని ఓడించడానికి బావ ఎంచుకున్న సద్దు అదే. రాగిపిండి చిక్కబడి బుడగలు పగిలే సద్దు ఏ ఎంపీత్రీకీ లొంగదని ఆయన నమ్మకం. వంటింటి కిటికీలో మైకు పెట్టి, పెరట్లో స్టూలు మీద రికార్డరు పెట్టుకుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుని నిలబడ్డాడు. బ్యాటరీ పాడైందని ఆ మధ్య కరెంటు మీదే నడిపిస్తున్నాడు. వైరు కిటికీ లోంచి వంటింటి స్విచ్చికి వచ్చింది. అక్క సంగటి గెలికింది, దించింది, పిలిచింది.

“పలకలా” అంది అక్క. “ఆ పొద్దు గూడా పలకలా. నాకు కోపమొచ్చింది. ఇంకోసారి పిలిస్తే ఒట్టని ముద్దలు చేస్తా కూర్చుంటి. ముద్దలన్నీ అయిపోయినాక పెరట్లోకి పోతే...”

ఆ తర్వాతది ఆమె ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. పక్కింటివాళ్లు వచ్చారు, ఆటో వచ్చింది. ఆయన్ని ఎత్తుకుని వాకిట్లోకి తీసుకుపోతుంటే అక్క వెనకే పరుగెత్తింది. పరుగెత్తింది వంటింటి గుండానే. పోతూ పోతూ గ్యాసు కట్టేసింది, లైటు ఆర్పింది, రికార్డరు స్విచ్చి ఆపేసింది. ఇన్నేళ్లుగా ఇల్లు వదిలి బయటికి పోయేటప్పుడు చేసే పనే. చెయ్యి దానంతటది చేసేసింది.

దివసాల రోజున, అంటే పెద్దకర్మ నాడు, మునిరత్నం ఆ సంగతి బయటపెట్టాడు. అతను వచ్చినప్పటి నుంచి మూలన కూర్చుని ఏడుస్తూనే ఉన్నాడు. భోజనాలయ్యాక బావ రికార్డరును చేతిలోకి తీసుకుని ఊరికే స్విచ్చి వేశాడు. తెర మీద ఖాళీ డిస్కు అని వచ్చింది. “అయ్యో సామీ, రాసుకోలేదే” అన్నాడు తనలో తాను. అక్క విన్నది. అన్నేళ్లు ఆ ఇంట్లో కాపురం చేసిన మనిషికి ఆ మాటకు అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు.

“నేను ఆపేస్తినే” అంది. “నేనే తుడిచేస్తిని. కడాకు నేనే తుడిచేస్తిని.”

అప్పటి నుంచి ఆమెకు ఇంకో మాట లేకుండా పోయింది. ఎవరొచ్చి పలకరించినా బావ పోయినట్టు కాకుండా, తను పోగొట్టినట్టు చెప్పేది. “ఆయన కడాపొద్దు నా చేత్తో పోయింది” అనేది. అంతా ఏడుస్తుంటే ఆమె ఏడవలేదు. తిండి మానేసింది. కూతురు బెంగళూరుకు పిలిస్తే పోనంది. మనిషి పోయిన దెబ్బ ఒకటి, దానిపైన ఇది. మా అక్కను నేనలా ఎన్నడూ చూడలేదు, భయపడిపోయాను. ఆ డిస్కులో ఏముందో ఏమో, దాన్ని తెరవకపోతే ఆమె కోలుకోదనిపించింది.

మునిరత్నం మార్గం చెప్పాడు. ఇంటర్నెట్లో ఈ పిచ్చి ఉన్నవాళ్లు మాట్లాడుకునే చోట ఎప్పుడో చదివాడట. సూచిక పూర్తిగా ఉన్న వేరే డిస్కు ఒకటి యంత్రంలో పెట్టాలి. దానికి ఏదో చిన్న మార్పు చేయాలి. యంత్రం ఆ సూచికను తిరిగి రాసేలోపు, మూత తెరిచిన సంగతి దానికి తెలియకుండా లోపలి బొత్తాన్ని పుల్లతో నొక్కిపట్టి, ఆ డిస్కు తీసి మన డిస్కు పెట్టాలి. అప్పుడు యంత్రం ఆ సూచికను మన డిస్కు మీద రాసేస్తుంది. “కానీ చెయ్యి జారిందంటే, దాని మీద ఇంకొకటి పడినా పడొచ్చన్నా. అప్పుడు నిజంగానే పోతాది” అన్నాడు. చేయాలా వద్దా అని మేమిద్దరం వారం రోజులు తేల్చుకోలేకపోయాం. చివరికి అక్కనే అడిగాను.

“పోయిందనుకొనే బతకతాండాను గదరా. ఇంకేముండాది పోయేదానికి?” అంది.

నెల మాసికం అయిన తర్వాత, పోయిన వారం, కుప్పం బయల్దేరాం. బంధువుల్లో పెద్దావిడ ఒకరు, ఇంకా ఏడాది కాలేదు, గడప దాటి ప్రయాణాలేమిటని గొణిగింది. అక్క విననట్టే చెప్పులు వేసుకుంది. పలమనేరు, వెంకటగిరికోట మీదుగా బస్సు. అక్క ఒళ్లో బావ రికార్డరు. నీళ్లు తాగమన్నా చేతులు తీయలేదు. దారిలో ఒక్కసారి మాత్రం అడిగింది. “రేయ్, అందులో నేను గూడా ఉంటాను గదా?” ఉంటావక్కా, నీ సంగటి కోసమే గదా పట్టింది అన్నాను.

మునిరత్నం ముందు నుంచి పాత డిస్కుల మీద అభ్యాసం చేసి పెట్టుకున్నాడు. స్టూడియో తలుపులు వేశాడు. అగ్గిపుల్ల చెక్కి, మూత కింద బొత్తాన్ని నొక్కిపట్టాడు. నేను టార్చి పట్టుకున్నాను. అక్క కళ్లు మూసుకుంది. ఒక డిస్కు తీశాడు, బావ డిస్కు పెట్టాడు, ఆపు నొక్కాడు. తెర మీద అక్షరాలు మినుకుమన్నాయి. ఆగాయి. ఖాళీ డిస్కు అన్న మాట పోయింది.

హెడ్‌ఫోన్లు వద్దంది అక్క, అందరం వినాలంది. స్పీకరుకు తగిలించాడు.

గ్యాసు పొయ్యి సన్నటి రొద. తెడ్డు గిన్నె అడుగుకు తగిలే చప్పుడు. ఆ మధ్యలో రాగి బుడగలు ఒక్కొక్కటీ లేచి పగలడం. అక్క గాజులు. నేను ఆ వంటింట్లోనే నిలబడి ఉన్నాననుకోండి. బావ అన్నది నిజమే, ఆ సద్దు ఎక్కడా నలగలేదు. అది అలా సాగీ సాగీ, చివరికి తెడ్డు ఆగింది. గిన్నె దించిన చప్పుడు. అక్క గొంతు.

“ఏమయ్యో! సంగటి సల్లారిపోతాంది, రాప్పా!”

వెంటనే పళ్లెం ఒకటి నేల మీద గట్టిగా పెట్టిన సద్దు. ఆ సద్దు వెనకాల ఇంకేదో ఉంది. మునిరత్నం తల ఎత్తాడు. వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాడు. పళ్లెం సద్దు. దాని కింద, చాలా కింద, రికార్డింగు పాడవకూడదన్నంత మెల్లగా, మగ గొంతు.

“వస్తాండాలేవే.”

మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మునిరత్నం మళ్లీ పెట్టాడు. మళ్లీ అదే. ఇన్నేళ్లలో ఎర్ర దీపం వెలుగుతుండగా నోరు విప్పని మనిషి, ఆ పొద్దు పలికాడు. ఎందుకు పలికాడో నాకు తెలియదు. ఒంట్లో ఏదో తెలిసిందా, ఊరికే పలకాలనిపించిందా, ఇక ఎవరు చెబుతారు? కానీ పలికాడు. పళ్లెం చప్పుడులో అక్కకు వినపడలేదు.

అక్క రెండు చేతులూ నోటికడ్డం పెట్టుకుంది. “పలికినాడు” అంది. “రేయ్, పలికినాడురా. నాకే ఇనపళ్లా.” అని అప్పుడు ఏడ్చింది. నెల రోజులుగా ఆగిపోయిన ఏడుపంతా ఏడ్చింది. నాకూ అప్పుడే వచ్చింది.

మునిరత్నం కళ్లు తుడుచుకుంటూ, “పెద్ద సద్దు పక్కన చిన్న సద్దు” అన్నాడు. కాసేపటికి, “ఎంపీత్రీ చెయ్యనన్నా దీన్ని. ఉన్నదున్నట్లే పెడతా, కంప్యూటరంతా నిండిపోయినా సరే” అన్నాడు నాతో. అతను ఓడిపోయానని ఒప్పుకోవడం బావ వినాల్సింది. చాలా సంతోషించేవాడు, సంవత్సరం పాటు చెప్పుకునేవాడు.

డిస్కు ఇంకా నడవబోతోంది. అక్క చెయ్యి చాచి ఆపింది.

“ఆడికి సాలు. దాని తర్వాత ఏముంటాదో నాకు తెలుసు. అది నాకు ఇనిపించద్దు, ఎవురికీ ఇనిపించద్దు. తుడిచెయ్యద్దు గూడా. ఆయన మాటకాడికి ఒక గీత గీసి, అది వేరే, ఇది వేరే చెయ్ నాయనా.”

మునిరత్నం సరిగ్గా ఆ మాట ముగిసిన చోట గుర్తు పెట్టాడు. ఒకటిగా ఉన్నది రెండైంది. రెండో దాన్ని మేమెవరమూ వినలేదు, వినం. ఆపు నొక్కి, కంప్యూటర్లోకి ఎక్కించే తొందరలో వైరు పీకబోయాడు. అక్క చప్పున అతని మణికట్టు పట్టుకుంది.

“ఉండప్పా. రాసుకోనీ.”

చిన్న తెర మీద అక్షరాలు మినుకుమినుకుమంటున్నాయి. లోపల బిళ్ల సన్నగా గుర్రుమంటూ తిరుగుతోంది. బయట స్టేషన్లో ఆగకుండా ఏదో రైలు పోయింది. అక్షరాలు ఆగాయి, గుర్రు ఆగింది. అయినా అక్క ఆ మూత మీంచి చెయ్యి తీయలేదు.